తల్లి దిగులు - కొడుకు సంతానశక్తి

సంతానము లేని దంపతులు తిరుమల కొండ కేగి మ్రొక్కుకొనుట మన సీమలో తరతరముల యాచారము. మ్రొక్కు ఇరువురిది, నింద మాత్రము భార్యది. కోడలిని గొడ్రాలను అత్తగారు తన కుమారుని పరీక్ష చేయింపవలెనని తలపదు. ఆ కుమారుని లోపమునకు బీజము అతడు తన కడుపున నున్ననాడే పడియుండవచ్చునని చెప్పిన నామె యేమనునో!

ఇది శాస్త్రజ్ఞులకు తెలిసివచ్చిన విధమును చెప్పుచున్నాము. చలి, గాయము, విషము, బాధ యేదైనను ఎలుకల దేహము ఒకే తీరున మార్పు చెందుననియు, అధివృక్క గ్రంథులు ఉబ్బుననియు 1936లో హాన్స్ సెల్యే ప్రకటించెను. ఆ గ్రంథుల స్రావమే మనుష్యులలో కార్టిసోల్, ఎలుకలలో కార్టికోస్టిరోన్. 1947లో ఫ్రాన్సున ఆల్ఫ్రెడ్ జోస్ట్ కుందేటి పిండములను పరిశోధించి, వృషణములు సకాలమున స్రవించు రసముచేతనే పిండము పురుషరూపము దాల్చునని చూపెను.

ఈ రెండు త్రోవలును 1972లో కలిసినవి. అమెరికాలో ఇంగెబోర్గ్ వార్డ్ అను విదుషి చూలు ఎలుకలను కదలనీయక బంధించి, తీక్ష్ణమైన దీపముల క్రింద నుంచెను. వాటికి పుట్టిన మగపిల్లలలో పెక్కు పెరిగిన పిదప మగజంతువుల నడవడి చూపలేదు. కారణము 1980లో తేలినది. గర్భము 18, 19 దినములందు పొంగవలసిన టెస్టోస్టిరోన్, పీడితులైన తల్లుల పిండములలో 17వ దినముననే హెచ్చి, పిదప తగ్గిపోయెను. అదను తప్పిన వాన యెట్టిదో మెట్టసేద్యపు రాయలసీమవారికి వేరుగ చెప్పనేల?

తల్లి కార్టిసోల్‌ను చాలవరకు నిర్వీర్యము చేయు రసాయనమొకటి మావియందు కాపున్నది. అయినను కొంత దాటిపోవును. దాటినది వృషణకణములపై పనిచేసి టెస్టోస్టిరోన్‌ను తగ్గింపగలదు.

కొండ క్రిందనే, 1954లో నెలకొనిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమున, ఇట్టి పరిశోధన జరిగినది. అది దిగులు స్రావమును గూర్చినది కాదు. గర్భము నిలుచుటకై వైద్యులు వాడిన హైడ్రాక్సీప్రొజెస్టిరోన్ కాప్రోయేట్ అను మందును గూర్చినది. చూలు ఎలుకల కామందు నీయగా, మగసంతతికి యౌవనమున వీర్యకణములు తగ్గెనని 2004లో ప్రకటించిరి. తల్లి రక్తమున చేరిన హార్మోను కొడుకు యౌవనము దాక వెంటాడుట యిందును కనబడుచున్నది.

ఎలుకల మాట మనుష్యుల కున్నదున్నట్లు అన్వయింపరాదు. తల్లిని నిందించుటకు ఇదొక క్రొత్త సాకును గాదు. దిగులు ఆమె కోరి తెచ్చుకొన్నదా? మనుష్యశిశువునకు ఆ యదను సుమారు 8వ వారము మొదలు 14వ వారము వరకని శాస్త్రజ్ఞుల యంచనా. మన యిండ్లలో శ్రీమంతము నాటి కది గడచిపోవును. ఆ నెలలలో కడుపు కనబడదు. కోడలు నీళ్ల బిందె మోయుచునే యుండును.