ఉప్పెన సీమలో గృహస్థుని జాగ్రత్త

బందరు మొదలుకొని నిజాంపట్నము వరకు కృష్ణానది యుగయుగములుగా ఒండ్రుమట్టిని తెచ్చిపోసి, సముద్రమును వెనుకకు నెట్టి సంపాదించిన నేల పళ్ళెమువలె చదునైనది. అందు తీరమును ఆనుకొన్న పల్లెలు పెక్కు సముద్రమట్టమునకు కొద్ది అడుగుల మీదనే కలవు. ఈ నేలమీద కాపురముండు గృహస్థునకు స్వాతి, విశాఖ కార్తెలు పరీక్షాకాలము. చేలో వరి కంకి వేసి బరువెక్కుచున్న దినములలోనే ఆకాశమున ఈశాన్యపు మూల నల్లబడును. ఏడాది కష్టము ఇంటికి చేరుటకు నెలనాళ్ళైనను లేని సమయముననే సముద్రపు హోరు మునుపెన్నడు వినరాని దిక్కునుండి వినవచ్చును. అందువలన ఈ సీమలోని వృద్ధులు పంచాంగమును ఎంత శ్రద్ధగా చూచెడివారో గాలి వాలును అంత శ్రద్ధగా చూచెడివారు.

వారు చూచి నేర్చినది వ్యర్థము కాలేదు. తీరాంధ్రమున పలుచోట్ల కానవచ్చెడి చుట్టిల్లు ఆ నేర్పునకు నిదర్శనము. మూరెడు మందమున మట్టిగోడను గుండ్రముగ లేపి, దానిపై తాటివాసములను శిఖరమునకు కూర్చి, తాటాకుతోనో రెల్లుతోనో దట్టముగ కప్పి, చూరును మనిషి నడుమెత్తు వరకు దించెడివారు. ఎంతటివాడైనను తల వంచినగాని ఆ ఇంట అడుగుపెట్టలేడు. గాలి ఏ దిక్కునుండి కొట్టినను మూలలేని గోడ చుట్టును జారిపోవునే కాని నిలిచి మోదుటకు దానికి తావు దొరకదు. చూరు క్రిందికి దిగియుండుటచే కప్పు లోపల దూరి పైకెత్తుటకును సందు చిక్కదు. గోడ తలపై అడ్డముగ వేసిన అటకమీద విత్తనపు కుండలు, చింతపండు, ఉప్పు, ఎండుచేపలు ఉండెడివి. వాస్తుశాస్త్రమున నిష్ణాతుడైన ఏ ఇంజనీరును ఆ ఇంటికి ప్లాను గీయలేదు. ప్రతి తుపానును ఒక ఇంటిని పడవైచి మరొక ఇంటిని నిలిపి ఆ ప్లానును దిద్దినది.

చుట్టిల్లు లేనివారు నిట్టాడి పూరింటనే జాగ్రత్తపడెడివారు. మబ్బు కమ్మిన వెంటనే కొబ్బరిపీచు మోకులను కప్పుమీదుగా వేసి ఇరువైపుల గుంజలకు బిగించుట, పడవలను మెరకకు లాగి బోర్లించుట, వలలను చుట్టి ఇంటిలో చేర్చుట, పొడి పిడకలను, నిప్పును అటకకు ఎక్కించుట, మంచినీటి కుండలు నింపి మూతలు కట్టుట — ఇవన్నియు ఎవరును చెప్పకయే జరిగెడి పనులు. నడిరేయి గాలి ఒక్కమారుగ ఆగి చుక్కలు కనబడినచో తలుపు తీయరాదనియు, కొంతసేపటికి అదే గాలి ఎదురుదిక్కునుండి రెట్టింపు కోపముతో మరలుననియు పిల్లలకు సైతము తెలియును. తుపాను కన్ను అని శాస్త్రజ్ఞులు పిలిచెడిదానిని ఈ పల్లెవారు ఆ పేరు వినకమునుపే ఎరుగుదురు.

అయినను ఈ జాగ్రత్త అంతయు గాలికొరకు ఏర్పడినది. నీటికొరకు ఏర్పడినది బహుస్వల్పము. నా అభిప్రాయమున ఈ సీమ చరిత్రలోని విషాదమంతయు ఇచ్చటనే కలదు. గాలివాన నాలుగైదేండ్లకు ఒకమారైనను వచ్చి పాఠము చెప్పిపోవును. ఉప్పెన ఒకచోట వచ్చిన పిదప మరల అచ్చటికే వచ్చుటకు మూడు నాలుగు తరములు పట్టవచ్చును. పాఠము నేర్చినవారు పోయిన తరువాతనే పరీక్ష వచ్చును. పైగా ఒకదానికి మందైనది రెండవదానికి విషము: గాలికి తలవంచిన పొట్టి ఇల్లే నీటికి మొదట మునుగును, బిగించి కట్టిన కప్పే లోనివారు పైకెక్కుటకు అడ్డమగును.

ఉప్పెన స్వభావమును కొంచెము చెప్పవలెను. మన బంగాళాఖాతమున తుపాను గాలి గడియారపు ముల్లునకు ఎదురుగ తిరుగును. కనుక పడమటికి నడచి తీరము దాటు తుపానునకు ఉత్తరపు ప్రక్కన గాలి సముద్రమునుండి నేలమీదికి వీచును, దక్షిణపు ప్రక్కన నేలనుండి సముద్రముమీదికి వీచును. ఉత్తరపు ప్రక్కన నీరు పోగగును. తీరమువద్ద సముద్రము లోతులేనిదై, అడుగున పోవలసిన నీటికి త్రోవ లేకుండుటచే అది గట్టెక్కి లోపలికి వచ్చును. తుపాను ఎక్కడ దాటినదో అక్కడికంటె దానికి ఉత్తరముననున్న ఊరు ఎక్కువగా మునుగుట ఇందువలననే.

ఈ సత్యమునకు బలియైనది గోదావరి ముఖమున, యానాము దాపున నుండిన కోరంగి. ఓడల నిర్మాణమునకు పేరొందిన ఆ రేవును 1789 డిసెంబరులో మూడు మహాతరంగములు ఒకదానివెంట ఒకటి వచ్చి ముంచెనని తుపానుల పరిశోధకుడు హెన్రీ పిడింగ్టన్ వ్రాసెను. 1839 నవంబరులో మరల ఉప్పెన వచ్చెను. ఆ దెబ్బనుండి రేవు తేరుకొనలేదు. ఆ రెండవ ఉప్పెనలో మూడు లక్షలమంది చనిపోయిరని పుస్తకమునుండి పుస్తకమునకు ఎక్కుచున్న సంఖ్యను నేను నమ్మజాలను. అంత జనము నాటి కోరంగి ప్రాంతమున ఉండియుండుటయే సందేహాస్పదము. వేలమంది పోయిరనుట చాలును; ఘోరమును పెంచి చెప్పినంతమాత్రమున జాగ్రత్త పెరుగదు.

బందరు వంతు 1864 నవంబరు 1వ తేదీ రాత్రి వచ్చెను. 1611లో ఇంగ్లీషువారు వర్తకస్థానము పెట్టుకొన్న పట్టణమది; డచ్చివారు, ఫ్రెంచివారు, కలంకారీ అద్దకపువారు, ఉప్పు కొఠారులవారు కలిసి బ్రతికిన రేవు. నీరు చీకటిలో వచ్చి కోటను, ఊరిని, చుట్టుపట్ల పల్లెలను ఏకము చేసెను. 30,000మంది మరణించిరని ప్రభుత్వ గ్రంథములందు లెక్క కలదు. మరుసటి యేడు ఇంగ్లీషు పటాలము బందరుకోటను విడిచిపోయెను. పోదగిన చోటు గలవారు పోయిరి. చేను, ఉప్పుమడి, వల తప్ప వేరొకటి లేనివారు అచ్చటనే కుండలు ఏరుకొని మరల కాపురము పెట్టిరి.

అప్పటికి తొమ్మిదేండ్ల క్రిందటనే, 1855లో, బెజవాడ ఆనకట్ట పూర్తియైయుండెను. కాలువనీరు ముందునకు సాగినకొలది పూర్వము పశువుల మేతకును ఉప్పుకును తప్ప పనికిరాని పల్లపుభూములు మాగాణులాయెను. మాగాణివెంట కూలీలు, కూలీలవెంట గుడిసెలు సముద్రపు దిశగా నడచినవి. సముద్రము తన తావున తానున్నది. మనుష్యులే దానికి దగ్గరైరి. ఈ మాట చెప్పుటలో ఆనకట్టల ఇంజనీరు కాటన్ దొరను గాని కాలువలను గాని తప్పుపట్టుట నా ఉద్దేశము కాదు. ఆ కాలువలు లేనినాడు ఇదే సీమ కరవున మాడినది. కాని వరి పండించుట నేర్పినవారు ఉప్పెననాడు ఎక్కుటకు ఒక దిబ్బనైనను కట్టింపవలెనని తలపక పోయిరి.

1977 నవంబరు 19వ తేదీన ఆ లోటు బయటపడినది. వారము క్రిందటనే మరొక తుపాను తమిళదేశమును కొట్టిపోయియుండెను. ఈ రెండవది చీరాల దాపున తీరము దాటగా, దానికి ఉత్తరపు ప్రక్కన చిక్కిన, కృష్ణా ముఖమునందలి దివిసీమమీద పదునైదడుగులకు పైబడిన నీరు లేచి వచ్చెను. రేడియో తుపాను సంగతి చెప్పియుండెను. విన్నవారు విన్నదానికి తగినట్లే చేసిరి: మోకులు బిగించిరి, పడవలు లాగిరి, తడికలు మూసి లోపల కూర్చుండిరి. అనగా తాతలు చెప్పినట్లు గాలికి సిద్ధపడిరి. సొర్లగొంది, పాలకాయతిప్ప మొదలైన పల్లెలలో ఆ మూసిన తడికలే ప్రాణాంతకము లాయెను. తాటిచెట్లెక్కినవారును, తుమ్మకొమ్మలు పట్టుకొని ముండ్లు గుచ్చుకొనుచున్నను విడువనివారును, ఏ పక్కామేడకో పరుగెత్తినవారును మిగిలిరి. పలుపు విప్పిన పశువులు కొన్ని ఈది బ్రతికినవి. కట్టుగొయ్యలకు కట్టినవి కట్టినచోటనే పోయినవి. చనిపోయిన మనుష్యులు పదివేలకు పైచిలుకు. అవనిగడ్డవాసి, నాటి మంత్రి మండలి వెంకటకృష్ణారావు సహాయకార్యములకు అంకితుడై తిరిగిన సంగతి ఆ సీమలో నేటికిని చెప్పుకొందురు.

ఆ పిదప జరిగినది నిజముగా చరిత్రలో కొత్త ప్రకరణము. నీరు క్రిందినుండి సాగిపోవునట్లు స్తంభములమీద నిలిపిన తుపాను రక్షణ భవనములు వెలసినవి. మామూలు దినములలో కొన్నింట బడి నడచును. తీరమువెంబడి సరుగుడు తోటలు పెంచిరి. గుడిసెలుండినచోట స్లాబు ఇండ్ల కాలనీలు లేచినవి. మేడమెట్లు పెట్టిన స్లాబు ఇల్లు నీటికి తగినది. మెట్లు లేని స్లాబును చూచినపుడు మాత్రము దానిని కట్టినవారు గాలిని తలచి నీటిని మరల మరచిరని అనుకొందును.

1990 మే నెల 9వ తేదీన కృష్ణా ముఖమువద్దనే మరొక పెనుతుపాను దాటెను. కార్తెల లెక్కకు అందని వేసవి తుపాను. ఉగ్రతలో 1977 నాటిదానికి తీసిపోనిదే అయినను, ఆరులక్షలకు పైబడిన జనమును ముందుగనే తరలించుటచే మృతుల సంఖ్య వేయికి లోపుననే నిలిచెను. అంతమంది ఇల్లు విడిచి కదలుట ఈ సీమకు అలవాటు లేని పని. పూర్వపు జాగ్రత్త అంతయు ఇంటిని పట్టుకొని యుండుట. కొత్త జాగ్రత్త ఇంటిని విడుచుట. పట్టా కాగితములు, రేషను కార్డు, అగ్గిపెట్టె, గుప్పెడు అటుకులు ఒక మూటగట్టి పిల్లలతో బయలుదేరుట నేర్చుకొన్న ఇల్లాండ్రు ఈనాడు ప్రతి పల్లెలోను కలరు. ఇల్లు కదలనని మొరాయించువారు సాధారణముగ ముసలివారు, పాడిపశువులు గలవారు. పాలిచ్చు గేదెను కట్టుగొయ్యకు విడిచి మేడకెక్కుమనినచో రైతు వినడు. పలుపు విప్పినచో అది ఎవరి చేలో పడునో, తిరిగి వచ్చునో రాదో అని వెనుదీయును. మనుష్యులకు మేడలు కట్టిరి. గేదెలను తోలుటకు తగిన మెరక దిబ్బలు పల్లెకొకటి చొప్పుననైనను కానరావు.