తెల్లవారకముందే కదిలిన ట్రక్కు

1970. న్యూయార్క్‌లో గ్రీనిచ్ విలేజ్. ఇంకా తెల్లవారలేదు. ఆరుబయట పార్కింగ్ స్థలంలో ఒక పెద్ద ట్రక్కు ఆగి ఉంది. ఎవరో వదిలేసి పోయారనుకునేలా ఉంది. దగ్గరికి వెళ్లి వెనక తలుపు సందులోంచి తొంగి చూడండి. చీకటికి కళ్లు అలవాటు పడేకొద్దీ ఒక్కొక్కరే కనిపిస్తారు. ఇరవై మంది దాకా పిల్లలు ముడుచుకుని పడుకున్నారు. కొందరికి ఇంకా మీసకట్టు కూడా రాలేదు. మగపిల్లాడివై ఉండి ఆ నడకేమిటి, ఆ మాటేమిటి అని తరిమేస్తే వచ్చినవాళ్లు. మగపిల్లాణ్ని ప్రేమించానని నోరు జారితే ఆ రాత్రే ఇల్లు వదలాల్సి వచ్చినవాళ్లు. నిన్నమొన్నటిదాకా మూసిన దుకాణాల గుమ్మాల్లో పడుకున్నారు. ట్రక్కుకు కప్పుంది. అదే వాళ్లకు పదివేలు.

అదిగో, చేతిలో తినుబండారాలతో ఇద్దరు ట్రాన్స్‌జెండర్ మహిళలు వస్తున్నారు. పొడుగ్గా ఉన్నామె మార్షా పి. జాన్సన్. వయసు పాతిక. పక్కనున్న సిల్వియా రివేరాకు పందొమ్మిదేళ్లు. రాత్రంతా వీధిలో ఒళ్లమ్ముకుని, ఆ డబ్బుతో పిల్లలకు పొద్దుటి తిండి తెస్తున్నారు. తమకు తప్పని బతుకు ఈ పిల్లలకు రాకూడదని వాళ్ల తాపత్రయం.

ఉన్నట్టుండి ట్రక్కు కదిలింది. డ్రైవరు వచ్చి తన బండి తాను తీసుకుపోతున్నాడు. వెనక పిల్లలున్నారన్న సంగతి అతనికి తెలియదు. కుదుపుకు మేలుకున్నవాళ్లు మేలుకున్నట్టే కిందికి దూకుతున్నారు. సిల్వియా, మార్షా ఎక్కడివక్కడ వదిలేసి పరుగెత్తుకొస్తున్నారు. ఒక్కరు మాత్రం మత్తు నిద్రలో ఉండిపోయారు. కళ్లు తెరిచేసరికి బండి కాలిఫోర్నియా దారిలో చాలా దూరం పోయింది.

ఆ పొద్దున వాళ్లిద్దరూ ఒక నిర్ణయానికొచ్చారు. చక్రాల మీది గూడు కాదు, నాలుగు గోడల ఇల్లు కావాలి. ఈస్ట్ సెకండ్ స్ట్రీట్‌లో 213 నంబరు ఇల్లు అద్దెకు దొరికింది.

లోపలికి రండి. కరెంటు లేదు. కుళాయి తిప్పితే నీళ్లు రావు. చలికాలం ఇల్లు వెచ్చగా ఉంచాల్సిన బాయిలరు పనిచేయదు. వచ్చీరాని పనితనంతో తమకు తామే ఒక్కొక్కటీ బాగుచేసుకుంటున్నారు. ఒక మూల చిన్న పూజాస్థలం ఉంది. కొవ్వొత్తులు, అగరుధూపం. రాత్రి వీధిలోకి వెళ్లేముందు అక్కడ ఒక్క నిమిషం నిలబడి సెయింట్ బార్బరాకు మొక్కుకుంటారు. వెళ్లినవాళ్లు తిరిగొస్తారన్న నమ్మకం ఏ రోజుకారోజే మరి. వంటగదిలో సిల్వియా రాత్రి భోజనం వండుతోంది. వండేదాంట్లో కొంత, పిల్లలు దుకాణాల్లోంచి ఎత్తుకొచ్చినదే. ఆ మాట ఆమె తర్వాతి రోజుల్లో దాచకుండా చెప్పింది. నాకు అందులో తప్పు కనబడదు. పదహారేళ్ల పిల్లలకు పూట గడవడానికి దొంగతనమో ఒళ్లమ్ముకోవడమో తప్ప దారి లేకుండా చేసినవాళ్లను ముందు నిలదీయాలి.

సిల్వియాకు ఈ తాపత్రయం ఊరికే రాలేదు. మూడేళ్ల వయసులో తల్లి పోయింది. పెంచిన అమ్మమ్మకు మనవడి వాలకం నచ్చలేదు. పదకొండేళ్లకే ఇల్లు వదిలి ఫార్టీ సెకండ్ స్ట్రీట్‌కు చేరితే, అక్కడ ఆడవేషాలు కట్టి తిరిగేవాళ్లు చేరదీశారు. సిల్వియా అన్న పేరు పెట్టిందీ వాళ్లే. తనకు దొరికిన ఆ ఆదరణనే ఇప్పుడు ఈ ఇంట్లో పంచుతోంది. వీళ్లు పెట్టుకున్న సంఘం పేరు స్ట్రీట్ ట్రాన్స్‌వెస్టైట్ యాక్షన్ రివల్యూషనరీస్. పొట్టిగా స్టార్. చదువు మధ్యలో ఆగిన పిల్లలకు చదవడం, రాయడం నేర్పే బడి పెట్టాలని కూడా అనుకున్నారు. 1970 నవంబరులో డాన్సు కార్యక్రమం పెట్టి చందాలు పోగుచేశారు. ఎన్ని చేసినా ఇల్లు నిలవలేదు. 1971 జులైలో ఖాళీ చేయించారు. పిల్లలు మళ్లీ వీధిన పడ్డారు.

తర్వాతి ముప్పై ఏళ్లు త్వరగా దాటేద్దాం. 1992లో మార్షా శవం హడ్సన్ నదిలో తేలింది. ఎలా చనిపోయిందో ఇప్పటికీ తేలలేదు. అదే నది ఒడ్డున, రేవు చెక్కల మీద, సిల్వియా కొన్నాళ్లు నిలువనీడ లేక బతికింది. అంతమందికి ఇల్లయిన మనిషికి చివరికి ఇల్లు లేకపోయింది. 1997లో బ్రూక్లిన్‌లోని ట్రాన్సీ హౌస్ ఆమెను చేర్చుకుంది. సిల్వియా స్ఫూర్తితోనే కొందరు ట్రాన్స్‌జెండర్లు తమ ఇల్లయిన ఈ ట్రాన్సీ హౌస్ తలుపులు ఇలాంటివాళ్లకోసం తెరిచిపెట్టారు. 2002 ఫిబ్రవరి 19న ఆమె కాలేయ క్యాన్సర్‌తో కన్నుమూసింది.

ఆ ఏడాదే జూన్‌లో మన్‌హటన్‌లో ఒక చర్చి కింది గదిలోకి దిగండి. ఆరు మడతమంచాలు. ఇల్లు లేని ఇలాంటి పిల్లలకు ఆశ్రయమిచ్చే ఆలీ ఫోర్నీ సెంటర్ మొదలైంది వాటితోనే. ఆలీ కూడా పదమూడేళ్లకే ఇల్లు విడిచిన మనిషి. తనలాంటి పిల్లలకు రోగాలు సోకకుండా జాగ్రత్తలు చెబుతూ వీధులు తిరిగేవారు. వీధి మీద చచ్చిపోతున్న తన స్నేహితుల కేసులు పట్టించుకోండని పోలీసుల వెంటపడేవారు. 1997 డిసెంబరులో హార్లెంలో ఆలీనే ఎవరో కాల్చి చంపారు. వయసు 22. ఆ పిల్లల బాగోగులు చూసే కేంద్రం నడిపిన కార్ల్ సిసిలియానో, ఈ చావు చూశాక ఊరుకోలేక, ఆలీ పేరుతో ఈ ఆరు మంచాలు వేశాడు.

ఇప్పుడు హార్లెంకు రండి. 125వ వీధి. ఆలీ ఫోర్నీ సెంటర్ తలుపు రాత్రీ పగలూ తెరిచే ఉంటుంది. చెల్సీలో ఉన్న పాత కేంద్రాన్ని 2012లో శాండీ తుపాను ముంచేస్తే ఇక్కడికి మారారు. లోపలికి వచ్చినవాళ్లకు ముందు భోజనం, వేణ్నీళ్ల స్నానం, ఉతికిన బట్టలు. ఆ తర్వాతే డాక్టరు, మనసు విప్పి మాట్లాడుకోవడానికి మనిషి, ఆగిన చదువు, ఉద్యోగానికి శిక్షణ. మొదట తాత్కాలికంగా ఒక మంచం. తర్వాత, కుదురుకున్నవాళ్లకు, తమ కాళ్ల మీద తాము నిలబడేదాకా ఉండగలిగే ఇల్లు. ఒక్క రాత్రి పడకతో పిల్లలు నిలదొక్కుకోరు. సిల్వియా ఆనాడే బడి కావాలన్నది అందుకే.

నటి బియా ఆర్థర్ 2009లో పోతూ ఈ సంస్థకు మూడు లక్షల డాలర్లు వీలునామా రాసింది. ఆమె పేరుతో 2017లో ఈస్ట్ విలేజ్‌లో 18 మంచాల ఇల్లు తెరిచారు. సిల్వియా వంట చేసిన చోటి నుంచి అక్కడికి నడిచి వెళ్తే అరగంట పట్టదు.

మన దగ్గర ఇలా తరిమేసిన పిల్లలకు తలుపు తీసిందెవరో మీకు తెలియనిది కాదు. హిజ్రాల జమాత్. గురువు ఇల్లు. అక్కడి కట్టుబాట్లలో కష్టాలు లేవని కాదు. అయినా కన్నవాళ్లు కాదన్న బిడ్డకు కంచంలో అన్నం పెట్టింది వాళ్లు. దానికి మన చట్టం ఏమందో విన్నారా? నిజాం కాలంలో, 1919లో, వచ్చిన చట్టం ప్రకారం ప్రభుత్వ జాబితాకెక్కిన హిజ్రా ఇంట్లో పదహారేళ్లలోపు మగపిల్లాడు ఉంటే చాలు, అది నేరం. శిక్ష జైలు. ఆడబట్టలు కట్టి బయట కనబడినా వారంటు లేకుండా అరెస్టు చేయొచ్చు. తెలంగాణ పుస్తకాల్లో ఈ చట్టం 2023 జులై దాకా ఉంది. ట్రాన్స్‌జెండర్ హక్కుల కార్యకర్త వైజయంతి వసంత మొగ్లి తదితరులు కోర్టుకెక్కితే హైకోర్టు కొట్టేసింది. గెంటేసినవాళ్లకు లేని శిక్ష చేరదీసినవాళ్లకు రాసిపెట్టారు!

ట్రాన్స్‌జెండర్ల హక్కుల రక్షణకు 2019లో చట్టం వచ్చాక కేంద్రం వాళ్ల కోసం గరిమా గృహాలు తెచ్చింది. మొదటిది 2020 నవంబరులో వడోదరలో మొదలైంది. ఒక్కో ఇంట్లో పాతికమందికి చోటు. తిండి, బట్ట, వైద్యం, పని నేర్పడం అన్నీ లెక్కలో ఉన్నాయి. మంచి పథకమే. కానీ తొలి విడత 12 గృహాల్లో మన రెండు రాష్ట్రాలకు ఒక్కటీ రాలేదు. వాటిలో చేరాలంటే పద్దెనిమిదేళ్లు నిండాలి. ఇంట్లోంచి గెంటేసేవాళ్లు పుట్టినరోజు చూసి గెంటరు కదా. గే, లెస్బియన్ పిల్లలకైతే ఆ తలుపూ లేదు.

హైదరాబాద్, విజయవాడ, విశాఖలో ఒక్కో ఇల్లయినా ఉండాలి. పదిహేనేళ్ల పిల్లలకూ చోటుండాలి. కాగితాలు అడగకముందే అన్నం పెట్టాలి. ప్రభుత్వాలు ఆ పని చేసేలోగా మనం చేయగలిగింది ఉంది. మీ బంధువుల పిల్లలో, పక్కింటి పిల్లలో ఏ రాత్రో మీ గుమ్మంలో నిలబడితే, మీ నాన్నకు ఫోన్ చెయ్యనా అని మొదలుపెట్టకండి. లోపలికి రానివ్వండి, భోంచేయనివ్వండి, పడుకోనివ్వండి. తెల్లారాక వాళ్లు చెప్పేది వినండి. పద్దెనిమిది నిండనివాళ్లయితే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయండి.