పదివేల యేండ్ల కుంచె



"లేఖిని" అనగానే మన అంతర్జాల మిత్రులకు తోచే అర్థం వేరు. ఈ పూట నేను చెప్పబోయేది సిరా పోసుకొని వ్రాసే లేఖినిని గురించి. ఒసాకాలో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి మూడు కలముల ఛాయాచిత్రాలు పంపి, "నాన్నగారూ, మూడూ ఒక్కలాగే ఉన్నాయి, ఏది తెమ్మంటారు?" అని అడిగింది. నిజమే. మూడూ నల్లనివే, రెండు కొసలూ గుండ్రంగా తీర్చిన చుట్టల్లాగా ఉన్నవి, మూతకు బంగారువన్నె కట్టు. ఒకటి పైలట్ కస్టమ్ 74, ఒకటి ప్లాటినమ్ 3776 సెంచురీ, మూడవది సెయిలర్ 1911.

కలం నాకు ముచ్చటకు కాదు. భాషాప్రవీణలో నాకు ప్రబంధపాఠం చెప్పిన గురువుగారి మనుచరిత్ర ప్రతి నా వద్ద ఉన్నది. ప్రతి పుట అంచునా ఆయన సన్నని అక్షరాలతో వ్రాసుకొన్న టిప్పణి ఉంది. కాగితం పెళుసెక్కింది, పుట త్రిప్పితే మూల చేతికి వస్తోంది. నా కన్ను సాగుతుండగానే దానికి శుద్ధప్రతి ఎత్తాలి. అందుచేత అమ్మాయి ప్రశ్నకు జవాబు వెదుకుతూ ఆ కలముల చరిత్రలోకి దిగాను.

జపానులో ఫౌంటెన్ పెన్నును "మన్నెన్‌హిత్సు" అంటారు; పదివేల యేండ్ల కుంచె అని అర్థం. ఎంత చక్కని పేరో చూడండి! కలమని కాదు, కుంచె అనే అన్నారు. శతాబ్దాలపాటు కుంచెతో వ్రాసిన జాతికి కొత్త సాధనం కూడ కుంచె బంధువుగానే తోచింది. మొదట వచ్చినవన్నీ విదేశీ సరుకు. టోక్యోలోని మారుజెన్ దుకాణం ఇంగ్లండునుంచి ఒనోటో కలములు తెప్పించి అమ్మేది. నవలాకారుడు నత్సుమే సోసెకి వాటితో వ్రాసినవాడే. 1912లో తనకూ ఫౌంటెన్ పెన్నుకూ గల సంబంధం గురించి ఒక వ్యాసమే వ్రాశాడు.

స్వదేశీ కలముల కథ కొంత నావికుల కథ. హిరోషిమా ప్రాంతంలోని కురే నౌకాదళానికి నెలవు. ఆ ఊరి సకత క్యూగొరోకు ఒక ఆంగ్లేయ నావికుడు ఫౌంటెన్ పెన్ను చూపించాడనీ, అది చూచి ఆయన 1911లో కర్మాగారం పెట్టాడనీ చెప్పుకొంటారు. "సెయిలర్" అన్న పేరు అలా వచ్చింది. నమికి ర్యోసుకే టోక్యోలో వర్తకనౌకల విద్యాలయంలో ఆచార్యుడు. పటములు గీసే కలముతో పడిన చిక్కులు ఆయనను పాళీల వైపు నడిపించాయి. 1916లో బంగారు పాళీ చేశాడు. 1918లో వద మసావోతో కలిసి సంస్థ స్థాపించాడు. 1938లో అది పైలట్ అయింది. పైలట్ అంటే ఇక్కడ విమానం నడిపేవాడు కాడు, ఓడను రేవుకు చేర్చేవాడు. నకత షున్‌ఇచి 1919లో ఆరంభించిన వ్యాపారం ప్లాటినమ్ అయింది. ఆయనకు సముద్రంతో సంబంధం ఉన్నట్లు కనబడదు.

ఇక అంకెలు. అమ్మాయి వాటిని పాళీ కొలతలనుకొన్నదట! 1911 సెయిలర్ పుట్టిన సంవత్సరం. 3776 ఫూజీ పర్వతం ఎత్తు, మీటర్లలో. కలముల సేకర్త అయిన రచయిత ఉమెద హరువో సహకారంతో 1978లో ఆ కలం వచ్చింది. కస్టమ్ 74 అంటే పైలట్ సంస్థకు డెబ్బదినాలుగవ యేట, 1992లో, వచ్చినదని. దాని తోబుట్టువులు 742, 743లలో చివరి అంకె మొదటి వెలను పదివేల యెన్లలో చెబుతుంది. వెలలు పెరిగినా పేర్లు అలాగే ఉండిపోయాయి. ఛందస్సు చెప్పిన నాబోటివాడికి ఇది గణవిభజన చేసినంత సంతోషం.

కాని అసలు భేదం పాళీలో ఉంది. పాశ్చాత్యుల సన్నపాళీ కంటె జపాను సన్నపాళీ సాధారణంగా ఒక మెట్టు సన్నం. ఒక్క చిన్న గడిలో ఇరవై గీతలున్న కంజి అక్షరం ఇమడాలంటే మరి ఎలా? సన్నదనమొక్కటే కూడ చాలదు. గీత ముగింపుకు అక్కడ మూడు పద్ధతులున్నాయి: నిలిపి ఆపడం "తోమే", కొక్కెంలా ఎగదన్నడం "హనే", క్రమంగా పలుచబరుస్తూ విడవడం "హరాయి". కుంచెకు సహజమైన ఈ మూడింటినీ లోహపుమొనతో సాధించడానికే సెయిలర్ పాళీల నిపుణుడు నగహర నొబుయొషి శ్రమించాడు. ఆయన తీర్చిన నగినత పాళీకి మొన పొడుగ్గా ఉంటుంది. కలాన్ని నిలువుగా పట్టితే గీత సన్నం, వాల్చితే లావు. నగినత అంటే పొడవాటి కర్రకు వంపుకత్తి బిగించిన ఆయుధం. పైలట్‌వారు వేరొక దారి త్రొక్కి, మెత్తని పాళీలు, మొన క్రిందికి వంగిన పాళీలు, పైకి లేచిన పాళీలు అంటూ రకాలు పెంచారు.

ఇవన్నీ చదివి నేను ముందు నగినతకే మోజుపడ్డాను. తర్వాత, వ్రాయబోయేది తెలుగు కదా అని గుర్తొచ్చింది. మన అక్షరం కుంచెబిడ్డ కాదు, గంటం బిడ్డ. ఇనుపమొన తాటాకు ఈనె వెంబడి పోతే ఆకు చీలుతుంది కనుక గీతలు గుండ్రనయ్యాయని లిపిజ్ఞులు చెప్పే మాట మీకు తెలిసిందే. గంటానికి లావూ సన్నమూ లేవు, ఉన్నదల్లా వంపు. మన చేయి పాళీని క్రిందికి లాగినంతగా పైకీ, ప్రక్కకూ నెడుతుంది. కోణాన్నిబట్టి మారే పాళీతో సున్న చుట్టితే ఒక వైపు బక్కగానూ ఒక వైపు బలిసీ వస్తుంది. మెత్తని పాళీ అలవాటులేని చేతిలో మలుపు దగ్గర విచ్చుకొంటుంది. ఇక లావుపాళీ సంగతి నాకు స్వానుభవం. ఒకప్పుడు ఎవరో ఇచ్చిన పెన్నుతో "ఘ" వ్రాస్తే కడుపు పూడిపోయేది, "క్ష్మి"లో వత్తు క్రింది వరుసమీద పడేది.

సన్నమే కావాలంటే ప్లాటినమ్‌లో అతిసన్నపు పాళీ కూడ ఉంది. నాకది వద్దనిపించింది. అంత సూదిమొన ఎదురు నెట్టినప్పుడు కాగితాన్ని గీరుతుంది. మనకు ఎదురునెట్టు లేని అక్షరమేది? గురువుగారి టిప్పణి నేనెత్తుకొనే కాగితం కూడ ఏమంత నునుపైనది కాదు.

చివరకు ప్లాటినమ్ 3776 సెంచురీ, మామూలు సన్నపాళీ, అని జవాబు వ్రాశాను. ఆ పాళీ కొంచెం బిరుసు. నాకు కావలసినదీ అదే. మరొక కారణం ఆ కలం మూత. 2011లో వచ్చిన ఈ సెంచురీలో మూతలోపల ఒక అమరిక పెట్టారు. వాడకుండా ఉంచినా రెండేళ్లు సిరా ఎండదని తయారీదారుల మాట. పది రోజులు వ్రాసి ఇరవై రోజులు మంచం పట్టే నాకు ఇది బంగారు పాళీని మించిన గుణం. పైలట్ 74 సన్నపాళీ తెచ్చినా నేను కాదననని కూడ వ్రాశాను. సెయిలర్ అభిమానులు నన్ను మన్నించాలి.

అమ్మాయి దుకాణానికి వెళ్లింది. వ్రాసి చూడమని అమ్మే ఆయన కాగితం ఇస్తే, నేను చెప్పినట్లే "లక్ష్మి", "ఘటము", "శుశ్రూష" అని వ్రాసిందట. ఆయన ఆ కాగితం తనకిమ్మని అడిగి తీసుకొన్నాడట.

సంక్రాంతికి తెస్తానంది. మొదటి పదకొండు పుటలు బాల్ పెన్నుతోనే ఎత్తేశాను. అవి మళ్లీ వ్రాయాలి.