బ్యాచిలర్ రూమ్‌లో పార్టీనా? ఎవరికి ఏం పోయాలి, ఎంత పోయాలి.. ఈ లెక్క తెలిస్తే చాలు!

శనివారం రాత్రి. డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్. ఎనిమిది మంది ఫ్రెండ్స్. బిర్యానీ ఆర్డర్ పెట్టేశారు, మందు తెచ్చేశారు. మరి తాగని వాళ్లకి ఏం తెచ్చారని అడిగితే.. "కూల్ డ్రింక్ ఉంది కదా మామా" అంటారు. పది గంటలకి ఐస్ అయిపోతుంది. పదకొండుకి వాటర్ క్యాన్ ఖాళీ. ఒంటిగంటకి బైక్ తాళాల కోసం గొడవ మొదలవుతుంది. చాలా బ్యాచిలర్ రూమ్‌లలో సీన్ ఇదే.

పార్టీ బాగా జరగాలంటే ఖరీదైన బాటిల్ అక్కర్లేదు. ముందే వేసుకున్న చిన్న లెక్క చాలు. తాగే వాళ్లెందరు, తాగని వాళ్లెందరు, రాత్రి ఎవరు ఎలా ఇంటికి వెళ్తారు.. ఈ మూడు ప్రశ్నలకి జవాబు దొరికాకే షాపుకి బయల్దేరాలి. రూమ్ మీదైతే బాధ్యత కూడా మీదే మరి!

తాగని వాళ్ల నుంచే లిస్ట్ మొదలుపెట్టండి

ఎనిమిది మందిలో ముగ్గురు మందు ముట్టరనుకుందాం. ఒకరికి అలవాటు లేదు, ఒకరు మాల వేసుకున్నారు, ఇంకొకరు టాబ్లెట్లు వాడుతున్నారు. కారణం ఏదైనా సరే, అడగాల్సిన పని లేదు. "ఒక్క పెగ్గుకే ఏం కాదులే" అని బలవంతం చేయడం అస్సలు వద్దు. చేతిలో మంచి గ్లాసు ఉంటే వాళ్లూ పార్టీలో భాగమే. మూలన కూర్చుని మంచింగ్ తినే గెస్టుల్లా ఫీల్ అవ్వరు.

ఇంకో లాభం కూడా ఉంది. టేబుల్ మీద మంచి డ్రింక్ ఉంటే తాగే వాళ్లు కూడా మధ్యమధ్యలో అదే తీసుకుంటారు. మందు స్పీడ్ దానంతటదే తగ్గుతుంది.

ఇంట్లో ఐదు నిమిషాల్లో చేసుకోగలిగినవి ఇవీ:

నిమ్మ సోడా: ఒక గ్లాసుకి అర నిమ్మకాయ, చిటికెడు ఉప్పు, రెండు స్పూన్ల చక్కెర పాకం, పైన చల్లటి సోడా. చక్కెర సోడాలో సరిగ్గా కరగదు. అందుకే కప్పు చక్కెర, కప్పు నీళ్లు కలిపి వేడిచేసి, చల్లారాక సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టుకోండి. వారం పాటు పనికొస్తుంది. నానబెట్టిన సబ్జా గింజలు స్పూన్ వేస్తే ఇంకా బాగుంటుంది.

జామ రసం, ఉప్పుకారం: గ్లాసు అంచుకి నిమ్మచెక్క రుద్ది, ఉప్పు, కారం కలిపిన పళ్లెంలో బోర్లించండి. లోపల ఐస్, జామ రసం, కొంచెం నిమ్మరసం. చూడ్డానికి హోటల్ మాక్‌టెయిల్‌లా ఉంటుంది, ఖర్చు మాత్రం చాలా తక్కువ.

మసాలా మజ్జిగ: కప్పు పెరుగుకి మూడు కప్పుల నీళ్లు. అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు, కొత్తిమీర దంచి వేసి, ఉప్పు కలిపి గంట సేపు ఫ్రిజ్‌లో పెట్టండి. బిర్యానీ తర్వాత దీన్ని మించింది లేదు.

రోజ్ మిల్క్: కాచి చల్లార్చిన లీటరు పాలలో ఆరేడు స్పూన్ల రోజ్ సిరప్. రాజమండ్రి వాళ్లు మీ గ్యాంగ్‌లో ఉంటే టేస్ట్ ఎలా ఉందో కచ్చితంగా కామెంట్ చేస్తారు, రెడీగా ఉండండి.

షాపులో కొనేవైతే గోలీ సోడా ఒక ఆప్షన్. గోదావరి జిల్లాల వాళ్లకైతే రామచంద్రపురంలో పుట్టిన ఆర్టోస్ కూల్ డ్రింక్ ఒక జ్ఞాపకం. రాయలసీమ ఫ్రెండ్ ఊరికి వెళ్తుంటే నన్నారి సిరప్ తెమ్మని చెప్పండి. నిమ్మరసం, సోడాతో కలిపితే అదిరిపోతుంది.

ఎంత తేవాలి? తేలిక లెక్క

ఫుల్ బాటిల్ అంటే 750 ఎంఎల్. అందులో 30 ఎంఎల్ చిన్న పెగ్గులు 25 వస్తాయి. 60 ఎంఎల్ పెద్ద పెగ్గులైతే పన్నెండున్నర. తాగే వాళ్లు ఐదుగురు అనుకుంటే, తలా రెండు పెద్ద పెగ్గులకి 600 ఎంఎల్ అవుతుంది. అంటే ఒక్క ఫుల్ చాలు, ఇంకా కొంచెం మిగులుతుంది. "సేఫ్టీకి ఇంకోటి తెద్దాం" అంటే మాత్రం అది మిగలదు. ఉన్నంత వరకూ తాగడమే రూమ్ పార్టీల రూల్ కదా!

నీళ్లు: మనిషికి కనీసం లీటరు చొప్పున వేసుకోండి. ఫుల్ క్యాన్ ఒకటి రూమ్‌లో ఉండాల్సిందే.

ఐస్: తలకి అర కిలో. అయితే చేపల మార్కెట్ దగ్గర దొరికే ఐస్ దిమ్మలు గ్లాసులో వేయొద్దు. అవి తాగే నీళ్లతో చేసినవి కాకపోవచ్చు. బాటిళ్లు చల్లబరచడానికి బకెట్‌లో వేసుకోండి, అంతవరకే. గ్లాసులోకి మాత్రం ఇంట్లో గడ్డకట్టించిన ఐస్, లేదా సూపర్ మార్కెట్‌లో సీల్ వేసి అమ్మే ఐస్ క్యూబ్స్ వాడండి.

తిండి: ఖాళీ కడుపుతో మొదటి పెగ్గు వద్దే వద్దు. కడుపులో తిండి ఉంటే ఆల్కహాల్ రక్తంలోకి నెమ్మదిగా వెళ్తుంది. చిప్స్, మిక్చర్ కంటే ఉడికించిన గుడ్లు, పల్లీలు, శనగలు, చికెన్ లాంటివి బెటర్. బిర్యానీ రాత్రి పదకొండుకి కాదు, తొమ్మిదికే వచ్చేలా ఆర్డర్ పెట్టండి.

బీరే కదా అనుకుంటున్నారా? ఇక్కడే తేడా కొడుతుంది

"నేను బీర్ మాత్రమే తాగా" అని బైక్ తీసే వాళ్లు ప్రతి పార్టీలో ఒకరుంటారు. లెక్క ఒకసారి చూడండి.

మన దగ్గర దొరికే విస్కీ, బ్రాందీ, రమ్‌లలో ఎక్కువ వాటిపై 42.8 శాతం ఆల్కహాల్ అని రాసి ఉంటుంది. అంటే 30 ఎంఎల్ చిన్న పెగ్గులో సుమారు 10 గ్రాముల ఆల్కహాల్.

650 ఎంఎల్ లైట్ బీర్ 5 శాతం అనుకుంటే, బాటిల్ మొత్తంలో సుమారు 25 గ్రాములు. అంటే రెండున్నర చిన్న పెగ్గులు.

అదే 650 ఎంఎల్ స్ట్రాంగ్ బీర్ 7 నుంచి 8 శాతం ఉంటే, ఒక్క బాటిల్‌లోనే మూడున్నర నుంచి నాలుగు చిన్న పెగ్గులంత ఆల్కహాల్. అంటే రెండు స్ట్రాంగ్ బీర్లు తాగిన ఫ్రెండ్, నాలుగు పెద్ద పెగ్గులు కొట్టిన వాడితో దాదాపు సమానం!

వైన్ 150 ఎంఎల్ గ్లాసు అంటే ఇంచుమించు ఒకటిన్నర చిన్న పెగ్గు.

సో, బీరా విస్కీనా అన్నది కాదు, మొత్తం ఎంత ఆల్కహాల్ లోపలికి వెళ్లింది అన్నదే లెక్క. బాటిల్ మీద ఉండే శాతం చదవడం అలవాటు చేసుకోండి.

పెగ్గు కొలత లేదా? రెండు టేబుల్ స్పూన్లు అంటే 30 ఎంఎల్. దగ్గు సిరప్‌తో వచ్చే గీతల మూత ఉన్నా పని జరుగుతుంది, శుభ్రంగా కడిగి వాడండి. కంటితో చూసి పోస్తే 30 కాస్తా 50 అవుతుంది. పోసేది కూడా తాగిన వాడే అయితే ఇక చెప్పక్కర్లేదు.

కలిపేటప్పుడు ఇవి గుర్తుంచుకోండి

విస్కీలో నీళ్లు లేదా సోడా, రమ్‌లో కోలా, వోడ్కాలో నిమ్మ సోడా, జిన్‌లో టానిక్ వాటర్.. రూమ్ పార్టీకి ఇవి చాలు. చిన్న పెగ్గుకి గ్లాసు నిండా ఐస్, పైన 150 ఎంఎల్ వరకు సోడా పోస్తే ఒక డ్రింక్ అరగంట నడుస్తుంది.

ఎనర్జీ డ్రింక్‌తో మందు కలపొద్దు. అందులో ఉండే కెఫీన్ వల్ల ఎక్కినట్టు అనిపించదు, కానీ ఎక్కాల్సింది ఎక్కుతూనే ఉంటుంది.

ఒక పెగ్గు, ఒక గ్లాసు నీళ్లు. ఈ ఒక్క రూల్ పాటిస్తే మర్నాడు తలనొప్పి కొంత తగ్గొచ్చు. రాత్రి ముందు జాగ్రత్తగా పారాసెటమాల్ వేసుకుని పడుకుందాం అనుకుంటారు కొందరు. మద్యం, పారాసెటమాల్ రెండూ లివర్ మీద భారం వేసేవే. నిద్రమాత్రలతో మందు అయితే ప్రాణాల మీదకే వస్తుంది. మెట్రోనిడజోల్ లాంటి యాంటీబయాటిక్ కోర్సులో ఉన్నవాళ్లు ఆ రోజుకి మజ్జిగతో సరిపెట్టుకోవాలి.

ఏ సందర్భానికి ఏది?

బర్త్‌డే: పన్నెండుకి కేక్ కట్ చేసేటప్పుడు రోజ్ మిల్క్ లేదా బాదం మిల్క్. ఉదయం ఆఫీస్ ఉంటే అక్కడితో ముగించడమే మంచిది.

ఎండాకాలం క్రికెట్ మ్యాచ్: మజ్జిగ, నిమ్మ సోడా, సబ్జా నీళ్లు. మద్యం ఒంట్లో నీటిని ఇంకా తగ్గిస్తుంది. మన ఎండలకి బీర్ చలవ చేస్తుందన్నది ఉత్త భ్రమ.

ఉగాది: తెలంగాణ ఫ్రెండ్స్ ఉంటే కొత్త కుండలో పలుచగా కలిపి గ్లాసుల్లో తాగే పచ్చడి. ఆంధ్రా ఫ్రెండ్స్ గట్టిగా చేసుకుని స్పూన్‌తో తింటారు. రెండూ చేసి చూడండి, పోటీ బాగుంటుంది.

శ్రీరామనవమి: పానకం. లీటరు నీళ్లకి 150 నుంచి 200 గ్రాముల బెల్లం, అర స్పూన్ మిరియాల పొడి, అర స్పూన్ శొంఠి, నాలుగు యాలకులు. బెల్లం కరిగాక వడకట్టండి. పొయ్యి వెలిగించే పని కూడా లేదు.

రంజాన్ నెల: రూమ్మేట్ రోజా ఉంటే ఇఫ్తార్‌కి ఖర్జూరాలు, చల్లటి నీళ్లు, సబ్జా వేసిన షర్బత్. ఆ టేబుల్ మీద మందు సీసా కనిపించకూడదు. అది మర్యాద.

అమ్మానాన్న వచ్చినప్పుడు: మంచి డికాషన్ కాఫీ నేర్చుకోండి. ఖాళీ సీసాలు ఎక్కడ దాచాలో నేర్చుకోవడం కంటే ఇది ఈజీ.

పెళ్లికి ముందు బ్యాచిలర్ పార్టీ: ముహూర్తానికి ముందు రోజు రాత్రి అస్సలు వద్దు. కనీసం మూడు నాలుగు రోజుల ముందే పెట్టుకోండి. పెళ్లి ఫొటోలు జీవితాంతం ఉంటాయి.

డిసెంబర్ 31: రోడ్ల మీద చెకింగ్‌లు ఎక్కువ. అందరూ రాత్రి అక్కడే పడుకునేలా ప్లాన్ చేయండి. పరుపులు, దుప్పట్లు కూడా పార్టీ లిస్ట్‌లో రాయండి.

రూల్స్ ఏం చెబుతున్నాయి?

తెలంగాణలో, ఏపీలో మద్యం కొనడానికి కనీస వయసు 21 ఏళ్లు. ఫస్టియర్ తమ్ముళ్లు పార్టీలో ఉంటే వాళ్ల చేతికి గ్లాసు ఇవ్వొద్దు.

జనవరి 26, ఆగస్టు 15, అక్టోబర్ 2 డ్రై డేలు. ఎన్నికలున్న చోట పోలింగ్ ముగియడానికి ముందు 48 గంటలు కూడా షాపులు మూతే. అలాంటప్పుడు "మాకు తెలిసినోడు ఉన్నాడు" అని లేబుల్ లేని సరుకు తెప్పించుకోవడం చాలా డేంజర్. కల్తీలో మిథనాల్ ఉంటే చూపు పోవచ్చు, ప్రాణమూ పోవచ్చు. రుచితోనో వాసనతోనో దాన్ని కనిపెట్టలేం.

ఫంక్షన్ హాల్లోనో ఫామ్‌హౌస్‌లోనో మందు పార్టీ పెడితే ఎక్సైజ్ శాఖ నుంచి ఈవెంట్ పర్మిట్ తీసుకోవాలి.

అసలు పరీక్ష ఒంటిగంటకి!

డ్రైవింగ్‌కి చట్టం పెట్టిన హద్దు 100 ఎంఎల్ రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్. ఇది దాటితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 185 కింద మొదటిసారి రూ.10 వేల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. మళ్లీ దొరికితే రూ.15 వేల జరిమానా, లేదా రెండేళ్ల వరకు జైలు, లేదా రెండూ.

ఫైన్ సంగతి పక్కన పెట్టండి. ఆ రాత్రి బైక్ మీద బయల్దేరిన ఫ్రెండ్ ఇంటికి చేరాడో లేదో తెలియక ఫోన్ చేస్తూ కూర్చోవడం కంటే నరకం ఇంకోటి ఉండదు.

శరీరం గంటకి దాదాపు ఒక చిన్న పెగ్గునే కరిగించగలదు. మనిషిని బట్టి ఇది ఇంకా నెమ్మదిగా కూడా ఉంటుంది. రాత్రి ఒంటిగంటకి నాలుగు పెద్ద పెగ్గులతో పార్టీ ముగిస్తే, ఉదయం ఆఫీస్ టైమ్‌కి కూడా రక్తంలో ఎంతో కొంత మిగిలే ఉండొచ్చు. బ్లాక్ కాఫీ, చన్నీళ్ల స్నానం, నిమ్మకాయ, మజ్జిగ.. ఏవీ దాన్ని త్వరగా దించలేవు. టైమ్ ఒక్కటే దించుతుంది.

అందుకే పార్టీ మొదలవ్వకముందే, అందరూ మామూలుగా ఉన్నప్పుడే తాళాలన్నీ ఒక డబ్బాలో వేయించండి. ఆ డబ్బా తాగని ఫ్రెండ్ చేతిలో పెట్టండి. తాగిన తర్వాత అడిగితే ఎవరూ ఇవ్వరు. క్యాబ్‌కి డబ్బులు కూడా మందు, బిర్యానీ చందాలోనే కలిపి వసూలు చేయండి.

"పడుకుంటే సర్దుకుంటుంది" అనొద్దు

తాగడం ఆపేసినా కడుపులో ఉన్నది రక్తంలోకి ఎక్కుతూనే ఉంటుంది. ఎవరైనా పిలిచినా, గట్టిగా కదిపినా లేవకపోతే, శ్వాస బాగా నెమ్మదిస్తే, ఒళ్లు చల్లబడితే, పెదాలు నీలంగా మారితే ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి. వెల్లకిలా పడుకోబెట్టొద్దు. వాంతి శ్వాసనాళంలోకి వెళ్తే ఊపిరాడదు. పక్కకి తిప్పి పడుకోబెట్టి, అంబులెన్స్ వచ్చే వరకు ఒకరు పక్కనే ఉండాలి. బలవంతంగా వాంతి చేయించడం, మజ్జిగ తాగించడం వద్దు. "ఇంట్లో తెలిస్తే తిడతారు" అన్న భయం కంటే ప్రాణం ముఖ్యం.

పార్టీకి ముందు చెక్ లిస్ట్

- తాగని వాళ్లకి కనీసం రెండు రకాల డ్రింక్స్
- ఫుల్ వాటర్ క్యాన్, సరిపడా ఐస్
- మందు కంటే ముందే తిండి
- పెగ్గు కొలత
- తాళాల డబ్బా, క్యాబ్ డబ్బులు, అదనపు దుప్పట్లు
- ఉదయానికి మజ్జిగ, అరటిపండ్లు

ఆదివారం ఉదయం ఎనిమిది మందీ లేచి, టీ తాగుతూ రాత్రి ముచ్చట్లు చెప్పుకుంటున్నారంటే.. మీ పార్టీ సూపర్ హిట్ అయినట్టే!

గమనిక: ఈ సమాచారం అవగాహన కోసం మాత్రమే. మద్యపానాన్ని ప్రోత్సహించడం మా ఉద్దేశం కాదు. మద్యం ఎంత తక్కువైనా ఆరోగ్యానికి సురక్షితం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టం చేసింది. ఆరోగ్య సమస్యలు ఉన్నవారు, మందులు వాడేవారు డాక్టర్ సలహా తీసుకోవాలి.