ఓమ్ గారి మొదటి సూత్రం తప్పు

ఇస్త్రీపెట్టెకి 230 వోల్టులిస్తే 4.35 ఆంపియర్లు లాగుతోందనుకోండి. భాగిస్తే నిరోధం దాదాపు 53 ఓములు, గుణిస్తే పవర్ వెయ్యి వాట్లు. కోడ్‌లో రెండు లైన్ల పని. కానీ ఈ భాగహారం కనిపెట్టినాయన 1825లో అచ్చేయించిన మొదటి సూత్రం తప్పు! నేను చదువుకున్న పుస్తకాల్లో ఆ ముక్క లేదు. నాకేమో కథంతా అక్కడే ఉందనిపిస్తుంది.

జార్జ్ సైమన్ ఓమ్ 1789లో జర్మనీలోని ఎర్లాంగెన్‌లో పుట్టాడు. తండ్రి తాళాలు చేసే పనివాడు, సొంతంగా లెక్కలు నేర్చుకుని కొడుకులకు చెప్పుకున్నవాడు. ఓమ్ కొలోన్‌లో బడిపంతులు. తీగ పొడవు పెరిగితే కరెంటు ఎంత తగ్గుతుందన్నది ఆయన ప్రశ్న. అప్పటికి వోల్టు, ఆంపియరు అనే కొలతలే లేవు. తీగ దగ్గర వేలాడదీసిన అయస్కాంతపు సూది ఎంత తిరిగితే అంత కరెంటన్నమాట. అలా కొలిచి కొలిచి, ఒక లాగరిథమ్ సూత్రం తేల్చాడు.

లెక్క బానే ఉంది, దోషం బ్యాటరీది. ఆనాటి బ్యాటరీకి తీగ తగిలించగానే బలం పడిపోయేది, కాసేపు వదిలేస్తే మళ్ళీ పుంజుకునేది. మన భాషలో చెప్పాలంటే టెస్ట్ సర్వర్ ఒక్కో రన్నుకీ ఒక్కోలా ఉంది. అలాంటి డేటాకి ఏ సూత్రం అతికించినా అతుక్కుంటుంది.

పేపరు అచ్చేసిన పత్రిక సంపాదకుడు పోగెన్‌డార్ఫ్ ఒక సలహా ఇచ్చాడు: బ్యాటరీ మానెయ్, థర్మోకపుల్ వాడు అని. బిస్మత్, రాగి కలిపిన రెండు అతుకుల్లో ఒకటి మరిగే నీళ్ళకి, ఇంకోటి మంచుకి. నీళ్ళు మరిగినంతసేపూ, మంచు కరిగినంతసేపూ ఆ వేడిమి తేడా మారదు. వచ్చే వోల్టేజీ బహు చిన్నది, కానీ కదలదు. 1826లో ఎనిమిది రాగితీగలు, ఒకే మందం, వేర్వేరు పొడవులు, ఒక్కోటీ తగిలించి చూశాడు. ఈసారి లాగరిథమ్ మాయం! కరెంటు = ఎ / (బి + ఎక్స్). ఎ అంటే మూలం బలం, ఎక్స్ తీగ పొడవు, బి మిగతా సర్క్యూట్ నిరోధం. అంతే.

(హెన్రీ కావెండిష్ 1781లోనే ఇలాంటిది పట్టాడు. మీటరు బదులు తన ఒంటికి తగిలే షాకుని బట్టి! అచ్చెయ్యలేదు మహానుభావుడు. మాక్స్‌వెల్ 1879లో బయటపెట్టేదాకా లోకానికి తెలీదు.)

1827లో ఓమ్ పుస్తకం రాశాడు. యూనివర్సిటీ ఉద్యోగం వస్తుందని ఆశ. రాలేదు సరికదా, ఉన్న కొలోన్ ఉద్యోగమూ వదులుకున్నాడు. 1833కి గానీ నూరెంబర్గ్‌లో మంచి పని దొరకలేదు. లండన్ రాయల్ సొసైటీ 1841లో కాప్లీ పతకం ఇచ్చింది. మ్యూనిక్ యూనివర్సిటీలో ఫిజిక్స్ ప్రొఫెసర్ అయ్యేసరికి 1852. 1854లో పోయాడు.

మరి పవర్? అది ఓమ్ ఖాతాలోది కాదు. కరెంటు వర్గాన్ని నిరోధంతో గుణిస్తే వేడి లెక్క వస్తుందని 1840ల మొదట్లో చూపించింది జూల్. 4.35 వర్గాన్ని 53తో గుణించి చూడండి, మళ్ళీ అదే వెయ్యి. ఓమ్, వోల్ట్, ఆంపియర్ పేర్లు 1881 పారిస్ సభలో ఖాయమయ్యాయి, వాట్ 1889లో.

ఇంట్లో పాత 100 వాట్ల ఫిలమెంటు బల్బు, మల్టీమీటరు ఉంటే ఒకసారి చూడండి. 230 వోల్టులకి లెక్క ప్రకారం 529 ఓములు రావాలి. విడిగా పట్టుకుని కొలిస్తే మీటరు 40 దరిదాపుల్లో చూపిస్తుంది. మీటరు పాడైందనుకుని పక్కన పడెయ్యకండి. ఫిలమెంటు చల్లగా ఉంది, వెలిగేటప్పటికి వేడెక్కి నిరోధం పదింతలు దాటుతుంది.