పటేల్ షాట్, సంఘం షాట్

దేవరుప్పుల మండలం కడవెండిలో 1946 జులై 4న విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తుపాకులకు దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. ఆ పోరాటంలో నడిచిన స్త్రీల మాటలను 1986లో స్త్రీశక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’గా తెచ్చింది. చెప్పింది వాళ్లు, రాసింది చదువుకున్న స్త్రీలు.

1990ల చివర్లో పల్లె స్త్రీలే కెమెరా పట్టారు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో, డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత స్త్రీలు వీడియో నేర్చుకున్నారు. చాలామందికి చదువు రాదు. పైనుంచి కిందికి చూస్తే అది ‘పటేల్ షాట్’ అన్నారు. కళ్లకు సమానంగా చూస్తే ‘సంఘం షాట్’. సంఘంలో అందరూ నేలమీదే కూర్చుంటారు కదా!

వరంగల్ రైతుల బీటీ పత్తి నష్టాలపై వాళ్లు తీసిన సినిమా 2003లో వచ్చింది, విదేశాల్లోనూ ఆడింది. దేవరుప్పుల అప్పుడు ఆ జిల్లాలోదే. గడీ ముందు తలదించుకుని బతికిన నేలకు, ఎదుట కూర్చుని వినే కెమెరా అలా వచ్చింది.