మంచుసీమలో స్నానపు నీళ్లు

చలికాలపు ఉదయమున కాగులోని వేడినీళ్లు చెంబుతో ముంచి పోసికొనునప్పుడు, వాటి వెనుక ఎంత ఇంధనము ఖర్చయినదో మనకు తోచదు. మంచు ప్రదేశములలో గుడారము వేసికొనువారికిని, కారు వెనుక ట్రెయిలరు ఇంటిని తగిలించుకొని శీతకాలమున విహరించువారికిని ఈ లెక్క ప్రతిదినము ఎదురగును. ఒక బకెట్టు వేడినీటికై మానవుడు పడిన పాట్లకు పెద్ద చరిత్రయే కలదు.

మంచు కరగుచున్నంతసేపు ఎంత వేడి ఇచ్చినను దాని ఉష్ణోగ్రత పెరగదని, ఆ వేడి కరగుటకే వినియోగమగునని 1762లో గ్లాస్గోలో జోసెఫ్ బ్లాక్ వెల్లడించెను. దీనినే గుప్తోష్ణము అందురు. సున్నకు దిగువ 20 డిగ్రీల సెంటిగ్రేడులో నున్న ఒక గ్రాము మంచును సున్నకు తెచ్చుటకు 10 కెలోరీలు, కరగించుటకు 80 కెలోరీలు, ఆ నీటిని స్నానమునకు తగిన 40 డిగ్రీలకు కాచుటకు 40 కెలోరీలు కావలెను. మొత్తము 130. ఈ లెక్కన 20 లీటర్ల స్నానపు నీటికి 2,600 కిలో కెలోరీలు పట్టును. అంతే వేడితో అదే మంచునుండి సుమారు 29 లీటర్ల త్రాగునీరు లభించును. ఇంధనమును బండిపై లాగుకొని పోవువాడు దేనిని కోరుకొనునో వేరుగా చెప్పనక్కరలేదు.

1888లో నార్వే దేశీయుడు నాన్సెన్ ఐదుగురు అనుచరులతో గ్రీన్‌లాండు మంచు పీఠభూమిని దాటెను. చుట్టును మంచే, త్రాగుటకు మాత్రము నీరు చాలదు. మంచు నింపిన సీసాలను దుస్తులలో దాచుకొని ఒంటివేడితో కరగించుకొనిరి. ఇక స్నానము మాట ఎక్కడిది? ఇంధనపు విలువ తెలిసిన నాన్సెన్ వేడి వృథా కాని వంటపాత్రను ఉపయోగములోనికి తెచ్చెను. నడుమ వంటగిన్నె, దాని చుట్టును వలయాకారపు పాత్ర, పైన మంచు కరగించు పాత్ర ఉండును. గిన్నెను తాకి వచ్చు వేడిగాలి ప్రక్కపాత్రను, పైపాత్రను కూడ తాకిన పిదపనే వెలుపలికి పోవును. నడుమ నిప్పు, చుట్టును నీరు ఉండు మన రాగి బాయిలరులోని సూత్రమును ఇట్టిదే.

1892లో స్వీడనులో లిండ్‌క్విస్టు వత్తి లేని ప్రైమస్ స్టవ్వును నిర్మించెను. గాలి ఒత్తిడిచే పైకెక్కిన కిరసనాయిలు వేడెక్కిన గొట్టములో ఆవిరియై నీలిమంటతో మండును. మన వంటిండ్లలో పంపు స్టవ్వుగా ప్రసిద్ధి కెక్కినది ఇదియే. 1911 శీతకాలమున దక్షిణధ్రువ ఖండములోని ఫ్రామ్‌హైములో ఆముండ్‌సెన్ బృందము మంచులో తొలచిన గదియందు ఇట్టి స్టవ్వులతో ఆవిరిస్నానము ఏర్పాటు చేసికొనెను. ఇందులో గొప్ప యుక్తి ఉన్నది. ఒక గ్రాము ఆవిరి నీరుగా మారునప్పుడు దాదాపు 540 కెలోరీలు వెలువడును. కావున కొద్దిపాటి నీటితోనే ఒళ్లంతయు వేడెక్కును.

ఇంధనము కరవైనచో ఏమగునో ఆ మరుసటి సంవత్సరమే ఋజువయ్యెను. ధ్రువమునుండి మరలి వచ్చుచున్న స్కాటు బృందమునకు దారిలో నిలువయుంచిన డబ్బాలలో కిరసనాయిలు తరిగిపోయి కనిపించెను. ఆముండ్‌సెన్ తన డబ్బాల మూతలకు మాటు వేయించి యుండెను. స్కాటు డబ్బాలకు తోలు బిళ్లలు మాత్రమే ఉండెను. చలి, ఆకలి, ఇంధనపు కొరత కలిసి 1912 మార్చిలో ఆ వీరులను బలిగొన్నవి. అప్పటికి పెద్ద ఆహారపు నిలువ సుమారు 20 కిలోమీటర్ల దూరములోనే ఉండెను.

స్టవ్వు ఉండి కూడ అపాయము కలుగవచ్చును. 1934లో దక్షిణధ్రువ ఖండమున ఒక చిన్న గదిలో ఒంటరిగా నివసించిన అమెరికా నౌకాధికారి బర్డు, స్టవ్వునుండియు విద్యుద్యంత్రమునుండియు వెలువడిన కార్బన్ మోనాక్సైడు వాయువుచే మరణము అంచునకు పోయెను. ఆ వాయువునకు రంగు లేదు, వాసన లేదు.

నేటి ట్రెయిలరు బాయిలరులో ఈ పాఠములన్నియు ఇమిడియున్నవి. సుమారు 23 లీటర్ల తొట్టి లోపలి గొట్టములో మంట మండును; నీరు ఆ గొట్టము చుట్టును ఉండును. గాలి బయటినుండి వచ్చి, పొగ బయటికే పోవును. ఇంధనముగా ప్రొపేను వాడుదురు. బ్యూటేను సుమారు సున్న డిగ్రీల వద్దనే ద్రవముగా నిలిచిపోవును గనుక గడ్డు చలిలో సిలిండరు నిండుగా ఉన్నను మంట రాదు. ప్రొపేను మరుగు స్థానము సున్నకు దిగువ 42 డిగ్రీలు. ఐదు డిగ్రీల నీటిని 20 లీటర్లు 40 డిగ్రీలకు కాచుటకు 700 కిలో కెలోరీలు చాలును. వేడిలో సగము వృథా అయినను 130 గ్రాముల ప్రొపేను సరిపోవును.

అయినను చలి ఇంకొక విధముగా పగ తీర్చుకొనును. నీరు గడ్డకట్టునప్పుడు దాని ఘనపరిమాణము నూటికి సుమారు 9 వంతులు పెరిగి గొట్టములను పగులగొట్టును. అందుచే ట్రెయిలరును వాడనపుడు తొట్టిలోని నీటిని పూర్తిగా వదలివేయుదురు. స్నానము చేయువారును ఒళ్లు తడుపుకొని, కుళాయి కట్టి, సబ్బు రుద్దుకొనిన పిమ్మట మరల తిప్పుదురు. తొట్టి చిన్నది గదా! నాన్సెన్ నాడు గుక్కెడు నీటికి చేసిన లెక్కనే వారు నేడు బకెట్టు నీటికి చేయుచున్నారు.